సాలగ్రామశిల: లక్షణము, కారణము, సేవ

నాగర్‌కర్నూలుకు తూర్పుదిక్కున ఉన్న తెలకపల్లి పాలమూరు సీమలోని గ్రామము. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరుగువరకు మహబూబ్‌నగర్ జిల్లాకు చెందినది. ఇప్పుడు నాగర్‌కర్నూలు జిల్లాలో మండలకేంద్రము. అక్కడ బావి త్రవ్వినా, ఇంటికి పునాది తీసినా గడ్డపారకు తగిలేది ఒక్కటే జాతి రాయి. భూగర్భశాస్త్రజ్ఞులు దానిని గ్రానైటు అని, నైసు అని వ్యవహరిస్తారు. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఆ శిల ఘనీభవించిన నాటికి భూమిపై గవ్వ లేదు, నత్త లేదు, చేప లేదు. అమ్రాబాదు వైపు లేచిన నల్లమల రాళ్లు దానికంటె చిన్నవే అయినా, పెంకు గల ప్రాణి పుట్టుటకు పూర్వమే ఏర్పడినవి. కనుక ఆ నేలలో ఎంత లోతు వెదకినా సముద్రప్రాణి ముద్ర గల రాయి దొరకదు. అయినా ఆ గ్రామంలో దేవతార్చన పెట్టె తెరిచినప్పుడు అటువంటి రాయి కనిపించే ఇల్లు ఉన్నది. ఆ రాయి సాలగ్రామము. అది అక్కడికి నడిచి వచ్చినది కాదు, ఎవరో తెచ్చినది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడినుండి తెచ్చారనే ప్రశ్న ఆ ఇంట చాలకాలం ఎవరికీ తోచలేదు.

ఆ ఇంటి యజమాని వృద్ధవిద్వాంసుడు. బాల్యంలో పాఠశాలలో గురుముఖమున వ్యాకరణము, తర్కము అభ్యసించి, తరువాత పలువురికి పాఠం చెప్పినవారు. ఇంట పంచాయతనపూజ పరంపరగా వచ్చినది. నర్మద నుండి వచ్చిన బాణలింగము, శోణభద్రశిల, స్ఫటికము, శ్రీకాళహస్తి వద్ద పారే స్వర్ణముఖిలో దొరికే పసిడిరజను శిల, గండకీనది నుండి వచ్చిన సాలగ్రామము: ఈ ఐదింటిలో తెలుగునాటి నదీశిల స్వర్ణముఖిది ఒక్కటే. సాలగ్రామములు మాత్రం ఆ పెట్టెలో నాలుగు ఉండేవి. ఒక్క సాలగ్రామమును పూజింపవచ్చును. ఒకటికి మించినప్పుడు సరిసంఖ్యలో ఉండవలెను, అందులోను రెండు కూడదు అని సంప్రదాయము. ఆ లెక్క ప్రకారం నాలుగు సక్రమమే.

నాలుగింటిలో మొదటిది చిన్ననేరేడుపండంత, కాటుకవంటి నలుపు; ద్వారమున రెండు చక్రములు సమానంగా ఉన్నందున వాసుదేవుడని వ్యవహారం. రెండవది పెద్దది, నోరు విశాలంగా తెరుచుకొన్నది, దానిని నరసింహుడనేవారు. మూడవది చక్రాకారంగా చుట్లు తిరిగి, ఇరువైపుల నడుమ పల్లము గలది, అది సుదర్శనము. నాలుగవది పగిలినది. ఆ విద్వాంసుని పితామహుల కాలంలోనే అభిషేకవేళ చేజారి రాతిగచ్చుపై పడి రెండు చెక్కలైనదని ఇంట చెప్పుకొనేవారు. ఒక చెక్క మాత్రమే మిగిలినది. ఇంటి ఆడవారు దానిని చూసి అరిష్టమేమోనని జంకేవారు. ఆయన మాత్రం ఇతర ప్రతిమలకు భంగదోషమున్నా సాలగ్రామమునకు లేదని, చక్రచిహ్నమున్నంతవరకు ఖండితమైనా స్ఫుటితమైనా పూజార్హమేనని పురాణములు చెప్పిన సంగతి వారికి వివరించి, నాలుగింటికి సమానంగా తులసి సమర్పించేవారు.

2019 వేసవిలో ఆయన దౌహిత్రుడు సెలవులకు వచ్చాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రము చదువుతున్న యువకుడు. సంచిలోనుండి పత్తిలో చుట్టిన రాతిపలక తీసి తాతగారి ముందుంచాడు. బూడిదకు, పసుపుకు నడుమనుండే వన్నె గల మెత్తని ఇసుకరాయి. దానిపై బొటనవ్రేలి గోరంత వెడల్పున ఒక చుట్ట ముద్ర. చుట్ట మీద సన్నని కణుపులు. పలక వెనుక కాగితపు చీటి అంటించి ఉన్నది. ఊరు బూదవాడ, సేకరించిన తేదీ, ఏ పొరలో ఎంత ఎత్తున దొరికినది, సేకరించినవాని పేరు అందులో వ్రాసి ఉన్నవి. తన అధ్యాపకులతో క్షేత్రపర్యటనకు వెళ్లినప్పుడు ఏరినదని అతడు చెప్పాడు.

వృద్ధుడు పలకను కన్నులకు దగ్గరగా పట్టి చాలసేపు చూశారు. తరువాత ఏమీ అనకుండా లేచి, కాళ్లు కడుగుకొని, పెట్టెలోని సుదర్శనమును తెచ్చి పీటపై పలక ప్రక్కన ఉంచారు. చుట్ట చుట్టే. కణుపు కణుపే.

“తాతగారూ, రెండూ ఒకే వంశానివి” అన్నాడు దౌహిత్రుడు.

“ఏ వంశం నాయనా?”

అప్పుడతడు చెప్పిన విషయమంతా ఇక్కడ సంగ్రహంగా చెప్పుకొనవచ్చును. పూర్వం సముద్రములలో అమ్మోనైటులనే ప్రాణులుండేవి. ఇప్పటి నత్తలతో కాక, ఎనిమిదికాళ్ల ఆక్టోపస్, నాటిలస్ మొదలైన వాటితో వాటికి చుట్టరికము. ప్రాణి పెరుగుతున్న కొద్దీ పెంకును చుట్టలుగా పెంచుకొంటూ, వెనుక విడిచిన భాగమునకు అడ్డగోడ కట్టి ముందు గదిలోనికి జరుగుతూ ఉండేది. వెనుకటి గదులలో వాయువు నిండి దానిని నీటిలో తేల్చేది. గదులన్నిటిని కలుపుతూ ఒక సన్నని నాళము సాగేది. ఆ గోడలు పెంకును తాకినచోట ఆకుల అంచువలె వంకరలు తిరిగిన గీతలు ఏర్పడతాయి. ఆ గీతల రూపమును బట్టి జాతిని గుర్తిస్తారు. ప్రాణి చనిపోయి బురదలో పడినప్పుడు మెత్తని దేహము నశిస్తుంది. పెంకు చుట్టూ బురద గట్టిపడి ఉండ కడుతుంది. కాలక్రమమున పెంకు కరిగిపోయి ముద్ర మిగలవచ్చును, లేదా పెంకు స్థానమున ఖనిజము చేరవచ్చును. ఇనుము, గంధకము కలిసిన పసిడివన్నె ఖనిజము చేరినప్పుడు శిలలో బంగారురేఖలు మెరుస్తాయి. హిరణ్యగర్భమని పేరు పొందిన సాలగ్రామములలోని స్వర్ణరేఖలకు సాధారణంగా ఇదే హేతువు.

కాలగణనలో ఈ ప్రాణుల చరిత్ర చివరిభాగమును క్రిటేషియస్ యుగమంటారు. లాటిను భాషలో సుద్దను చెప్పే మాటనుండి ఆ పేరు వచ్చినది. సుమారు 14 కోట్ల 50 లక్షల సంవత్సరముల క్రితం మొదలై 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రితం ముగిసిన యుగమది. ఆ యుగాంతమున డైనోసారులతోపాటు అమ్మోనైటుల వంశము కూడ అంతరించినది. ఆ యుగపు తొలిభాగంలో సముద్రము మన తూర్పుతీరముపైకి వచ్చినది. దాని ఆనవాళ్లు ఒంగోలు ప్రాంతంలో బూదవాడ, వేమవరముల వద్ద, పశ్చిమగోదావరి మెట్టప్రాంతంలో రాఘవాపురం వద్ద పొరలుగా ఉన్నవి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఒంగోలు తీరభూములపై 1879లోను, విలియం కింగ్ గోదావరి ప్రాంతముపై 1880లోను ప్రకటించిన నివేదికలు వీటిని శాస్త్రలోకమునకు పరిచయం చేశాయి. 1933లో స్పాత్ అనే ఆంగ్లశాస్త్రజ్ఞుడు ఇక్కడి అమ్మోనైటులను పరిశీలించి అవి క్రిటేషియస్ తొలినాళ్లవని నిర్ణయించాడు. ఒక జాతికి పాస్కోయైటిస్ బూదవాడెన్సిస్ అని పేరు పెట్టాడు. తెలుగు గ్రామనామమొకటి లాటిను ప్రత్యయంతో శాస్త్రగ్రంథములకెక్కిన వింత అది. దక్షిణాన తిరుచిరాపల్లి, అరియలూరు, పుదుచ్చేరి ప్రాంతములలో ఇవి ఇంకను సమృద్ధిగా దొరకగా, 1846లో ఎడ్వర్డ్ ఫోర్బ్స్, 1860 దశకంలో హెచ్.ఎఫ్. బ్లాన్‌ఫర్డ్, స్టోలిచ్కా వాటిని వర్ణించారు.

గండకీశిలలు మరొక సముద్రమునకు చెందినవి. భారతభూఖండమునకు, ఆసియాకు నడుమ ఉండిన ఆ ప్రాచీనసముద్రమునకు 1893లో ఎడ్వర్డ్ స్యూస్ అనే శాస్త్రజ్ఞుడు టెథిస్ అని పేరు పెట్టాడు. సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రితం రెండు భూభాగములు ఢీకొని ఆ సముద్రపు అడుగు మడతలుపడి హిమవంతముగా లేచినది. నేపాళమున ముస్తాంగు ప్రాంతంలో, 3,700 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న ముక్తినాథక్షేత్రపు పరిసరములలో ఆ నల్లబురద రాళ్లు బయటపడి ఉన్నవి. కాళీగండకి వాటిని కోసి, నునుపు చేసి, దిగువకు తెస్తుంది. అక్కడి అమ్మోనైటులు ఎక్కువభాగం క్రిటేషియస్‌కు ముందరి జురాసిక్ యుగాంతమునకు, కొన్ని క్రిటేషియస్ ప్రారంభమునకు చెందినవి. కనుక బూదవాడ పలకకంటె సుదర్శనము కొంత పెద్దది. దౌహిత్రుని మాటలో చెప్పవలెనంటే, పెద్దతాత.

ఇంతవరకు వృద్ధుడు ఆసక్తితో విన్నారు. ఆ కోట్ల సంఖ్యలు ఆయనను బెదరించలేదు. నిత్యము సంకల్పంలో వైవస్వతమన్వంతరమును, ఇరువది ఎనిమిదవ మహాయుగమును స్మరించేవారికి కోటి పెద్దసంఖ్య కాదు. గడచిన ఇరువది ఏడు మహాయుగములకు, ఇరువది ఎనిమిదవ దానిలో గడచిన కాలమునకు లెక్కగట్టి, వైవస్వతమన్వంతరంలో ఇప్పటికి 12 కోట్ల 5 లక్షల పైచిలుకు సంవత్సరములు గడిచినవని ఆయన క్షణంలో చెప్పారు. అనగా ఆ ప్రాణి చాక్షుషమన్వంతరమునాటిదన్నమాట. దౌహిత్రుడు ఆశ్చర్యపడి, దానిని వ్రాసుకొనబోయాడు. ఆయన వారించారు. ఆ రెండు గణనల మూలములు వేరు, ప్రయోజనములు వేరు. సంఖ్యలు దగ్గరగా పడినంతమాత్రాన ఒకదానికి మరొకటి సాక్ష్యము కాదని చెప్పారు.

మనస్సు నొచ్చిన ఘట్టము తరువాత వచ్చినది. దౌహిత్రుడు మాటల సందర్భంలో సాలగ్రామమును “చచ్చిన ప్రాణి అవశేషం” అన్నాడు. అందులో అవహేళన లేదు, శాస్త్రపరిభాష అది. కాని ఆ మాట చెవిన పడగానే వృద్ధుని ముఖం మారినది. ప్రాణ్యవశేషము స్పర్శకు అశుచి. డెబ్బదియేండ్లుగా ఆ శిలాతీర్థమును స్వీకరించిన దేహం, తండ్రి అవసానకాలమున ఆ తీర్థమును నోట పోసిన చేయి ఒక్కసారిగా ఆయనకు గుర్తుకు వచ్చినవి. ఆ సాయంత్రం ఆయన భోజనం చేయలేదు.

మరునాటి ఉదయం ఆయనను ఊరడించినది చిన్ననాడు చదివిన తర్కమే. మనుష్యుని కపాలము శుచి, ప్రాణి అవయవమగుటచేత, శంఖమువలె అనే దుష్టానుమానమును బాధితమునకు ఉదాహరణగా తర్కవిద్యార్థులందరు చదువుతారు. అందులో కపాలమునకు శుచిత్వము సాధించుటను ఆగమము బాధిస్తుంది. కాని దృష్టాంతమైన శంఖము శుచి అన్న విషయమును వాది, ప్రతివాది ఇద్దరూ అంగీకరించారు. శంఖము సముద్రప్రాణి పెంకే కదా! దానితోనే అభిషేకము చేస్తాము. కనుక ప్రాణ్యంగత్వము శుచిత్వమును సాధించలేదు, అశుచిత్వమును కూడ సాధించలేదు. శుచ్యశుచులు శాస్త్రైకసమధిగమ్యములు, ప్రాణిశాస్త్రంలోని వర్గీకరణతో తీరేవి కావు. పైగా అనేక సాలగ్రామములలో పెంకు కూడ మిగలలేదు; పెంకు విడిచిన రూపమును మన్ను, ఖనిజము ధరించి ఉన్నవి.

ఈ సమాధానంతో ఆయన తృప్తిపడి ఊరకుండవచ్చును. ఊరకుండలేదు. సాలగ్రామమును గురించి ప్రాచీనగ్రంథములు చెప్పినదానిలో చూచి చెప్పినది ఎంత, ఊహించి చెప్పినది ఎంత అని విడదీసి చూడసాగారు.

నాగర్‌కర్నూలు ప్రాంతమునకు సాలగ్రామవిచారము కొత్త కాదు. పాలెం ప్రాచ్యకళాశాలలో అధ్యాపకులుగా పనిచేసిన కపిలవాయి లింగమూర్తిగారు (1928–2018) ఆ సీమ దేవాలయములపై, స్థలములపై చేసిన కృషితోపాటు సాలగ్రామశాస్త్రమను గ్రంథమును కూడ రచించారు. కన్నడదేశమున ఎస్.కె. రామచంద్రరావుగారి సాలగ్రామకోశము 1996లో వెలువడినది. 2020లో హాలీ వాల్టర్స్ అనే మానవశాస్త్రజ్ఞురాలు ముస్తాంగు యాత్రను, శిలాసేకరణను పరిశీలించి ఆంగ్లమున గ్రంథము ప్రకటించారు. మూలములకు వస్తే, అగ్నిపురాణము నలువది ఆరవ అధ్యాయంలోను, గరుడపురాణంలోను లక్షణములున్నవి. ద్వారముల సంఖ్య, చక్రముల సంఖ్య, వర్ణము, రేఖ, బిందువు, ఆకారము, నునుపు: వీటి చేరికను బట్టి పేర్లు. ఇది పరిశీలకుని పని. చేతిలో వేల శిలలు త్రిప్పి చూడనివాడు అటువంటి పట్టిక కూర్చలేడు.

ఆయనకు అన్నిటికంటె విలువైనదిగా తోచిన సాక్ష్యము భాగవతము పంచమస్కంధంలోనిది. భరతమహారాజు పులహాశ్రమమునకు చేరిన సందర్భమున, అక్కడి నదికి చక్రనది అనే పేరు చెప్పి, ఆ నదిలోని శిలాచక్రములకు ఇరువైపుల నాభి ఉంటుందని ఏడవ అధ్యాయంలో విశేషణము వేశారు. విష్ణుపురాణము ఇదే భరతకథలో ఆ స్థలమును సాలగ్రామమనే పేరుతోనే చెప్పినది. ఆ విశేషణమును ఆయన అంతకు ముందు ఎన్నిమార్లో పారాయణ చేశారు. చక్రమన్న తరువాత నాభి ఉండుట సహజమని దాటిపోయేవారు. ఇప్పుడు దౌహిత్రుని ఎదుట సుదర్శనమును చేతిలో త్రిప్పి చూపుతూ ఆ మాట వివరించగా, అతడు తన పాఠ్యపుస్తకం తెరిచి ఒక బొమ్మ చూపాడు. అమ్మోనైటు చుట్ట నడుమ ఇరువైపుల ఏర్పడే పల్లమునకు పాశ్చాత్యశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అంబిలికస్. అది లాటిను పదము. అర్థము నాభి.

ఒకరినొకరు ఎరుగని రెండు విద్యాసంప్రదాయములు ఒకే రాయిని చేత పట్టి, ఒకే చోట వ్రేలుంచి, ఒకే మాట పలికాయి. ఇందులో అద్భుతము కల్పించనక్కరలేదు. కన్ను సరిగా చూస్తే మాట సరిగా వస్తుంది. పేర్లు పెట్టుటలో ఇతరదేశస్థులు కూడ ఇట్లే తమకు తెలిసిన రూపముతో పోల్చారు. ఐగుప్తుదేశపు అమ్మోను దేవునికి పొట్టేలుకొమ్ములుండేవి. చుట్టలు తిరిగిన ఈ రాయి ఆ కొమ్మును పోలినందున క్రీస్తుశకం మొదటి శతాబ్దిలో ప్లినీ దీనిని అమ్మోనుకొమ్మన్నాడు. నేటి శాస్త్రనామము అక్కడినుండి వచ్చినదే. ఇంగ్లండులోని విట్‌బీ తీరవాసులు వీటిని పాములనుకొని, హిల్డా అనే తపస్విని శాపముచేత రాళ్లయినవని కథ చెప్పుకొన్నారు.

మరి వజ్రకీటము సంగతి ఏమి? గండకీతీరమున వజ్రదంష్ట్రలు గల కీటకములు శిలను తొలిచి చక్రములు చెక్కుతాయని పురాణసంప్రదాయము. కీటకము రాయిని తొలువలేదు. ప్రాణి ముందు, రాయి తరువాత. ఇక్కడ పురాణవాక్యమునకు ప్రత్యక్షమూలకమైన జ్ఞానంతో విరోధమున్నది. కొందరు ఉత్సాహవంతులు కీటమనే పదము పట్టుకొని, ప్రాచీనులకు శిలాజవిద్య అంతా తెలుసునని వాదిస్తారు. మరికొందరు విరోధము పట్టుకొని పురాణమంతటిని త్రోసివేస్తారు. మీమాంసకుల మార్గము ఈ రెండింటికంటె శ్రమతో కూడినది. అర్థవాదమునకు వారు మూడు భేదములు చెప్పారు. ప్రమాణాంతరముతో విరోధించినది గుణవాదము. ప్రమాణాంతరముచే తెలిసినదానినే చెప్పినది అనువాదము. ఈ రెండును కానిది భూతార్థవాదము. యూపస్తంభమును ఆదిత్యుడన్న వాక్యము విని ఎవరూ స్తంభము ఆకాశమున ఉదయిస్తుందని అనుకొనరు; తేజస్సనే గుణమును గ్రహిస్తారు. వజ్రకీటవాక్యము పూజావిధికి శేషమైన గుణవాదము. దానివలన గ్రహింపవలసిన గుణము, ఆ చక్రము శిల్పి ఉలితో చెక్కినది కాదు, ప్రాణముగల ఒకదాని వ్యాపారమువలన కలిగినది అన్నంతవరకే. అది సత్యమే. అంతకుమించి ఆ వాక్యముచేత పలికించుట వాక్యమునకు ఉపకారము కాదు.

శిలకు, దేవతకు గల సంబంధమును శంకరభగవత్పాదులు ఇంకను స్పష్టము చేశారు. బ్రహ్మసూత్రభాష్యమున ప్రథమాధ్యాయము రెండవ పాదంలో సర్వవ్యాపియైన బ్రహ్మము హృదయమనే అల్పస్థానమున ఉపాసింపబడుటకు ఆయన ఎన్నుకొన్న దృష్టాంతము సాలగ్రామమందు హరి. అక్కడ శిల ఉపలబ్ధిస్థానము. స్థానము ఎట్లు పుట్టినదన్న విచారము ఉపాసనను తాకదు. హృదయము మాంసపిండమని వైద్యుడు చెప్పినంతమాత్రాన దహరవిద్య చెడనట్లే, సాలగ్రామము సముద్రపు బురదలోని చుట్ట అని తెలిసినంతమాత్రాన అర్చన చెడదు. ఈ దృష్టాంతమును వేలమారులు పాఠం చెప్పిన వ్యక్తికి దాని పూర్తిబలము ఆ వేసవిలోనే అనుభవమునకు వచ్చినది.

కాని ఏ శాస్త్రమూ తీర్చని ప్రశ్న ఒకటి మిగిలినది. దౌహిత్రుడు పగిలిన సాలగ్రామమును చూచినప్పుడు దాని విరిగిన ముఖమున గదులు వరుసగా కనిపించినవి. కొన్నింటిలో తెల్లని స్ఫటికము పేరుకొన్నది. గోడలు నల్లని నెలవంకలవలె ఉన్నవి. మూడు పూర్ణశిలలు దాచిన నిర్మాణమును ఆ భగ్నశిల బయటపెట్టినది. అతడు సంకోచిస్తూ అడిగాడు.

“తాతగారూ, ఇది ఎటూ పగిలినదే కదా. హైదరాబాదు తీసుకొనిపోయి, అడ్డంగా కోయించి, మెరుగుపెట్టి చూస్తే దీని జాతి తేలుతుంది.”

ఆయన కొంతసేపు పలుకలేదు. “అది వెళితే మూడు మిగులుతాయి నాయనా” అన్నారు చివరకు. విషమసంఖ్య నిషిద్ధమన్న నియమము ఆ మాటలో ఉన్నది. నియమము వెనుక, ఆ చెక్కను పారవేయక, తన తప్పిదమును జీవితాంతము ప్రతి ఉదయం కడిగి పూజించిన పితామహుడున్నారు.

దౌహిత్రుడు బలవంతపెట్టలేదు. “సరే, ఉండనివ్వండి. కనీసం ఇవి ఎక్కడివో చెప్పండి, వ్రాసుకొంటాను” అన్నాడు.

ఆయన సమాధానము చెప్పలేకపోయారు. సుదర్శనమును మాత్రం పితామహుని సోదరుడు కాశీయాత్రనుండి తెచ్చాడని విన్నారు. ఏ సంవత్సరమో తెలియదు. నరసింహుడు మాతామహుల ఇంటినుండి వచ్చినట్లు లీలగా జ్ఞాపకం. మిగిలిన రెండూ ఎవరు ఎవరికి ఇచ్చినవో చెప్పగలవారు ఎవరూ జీవించి లేరు. గోత్రము, ప్రవర, సూత్రము, శాఖ తడుముకొనక చెప్పే వంశం. ఎదుట నిత్యము తీర్థమిచ్చే శిలల ప్రవర మాత్రం మరచినది. రెండేండ్ల క్రితం ఏరిన బూదవాడ పలకకు ఊరు, పొర, తేదీ, సేకర్త తెలుసు. నూరేండ్లకు పైగా సేవలందుకొన్న శిలలకు అవేవీ లేవు. శిలాజసేకరణలో మొదటి పాఠము ఇదేనని దౌహిత్రుడు చెప్పాడు: పొర నుండి విడివడిన రాయి ఎక్కడిదో వ్రాయకపోతే అది అందమైన వస్తువుగా మిగులుతుంది కాని సాక్ష్యము కాలేదు. తాళపత్రప్రతి చివర లేఖకుని పేరు, సంవత్సరము, తిథి ఉన్న పుష్పికను చూచి సంతోషించే పండితునికి ఈ పాఠము బోధపడుటకు ఎంతో సేపు పట్టలేదు.

ఆ వారమంతా ఇద్దరు కలిసి పనిచేశారు. అభిషేకానంతరము, నివేదనకు ముందు, ఒక్కొక్క శిలను ఆయనే చేతిలోనికి తీసుకొని త్రిప్పి చూపగా, దౌహిత్రుడు దారముతో చుట్టుకొలత తీసి, బొమ్మ గీసి, ఛాయాచిత్రములు తీశాడు. భగ్నశిలను కోయకుండానే గదులు లెక్కించి, గోడల వంపు గీశాడు. జాతి నిశ్చయము కాలేదు. దానికి అతడు చింతించలేదు. ఆయన ప్రతి శిలకు ఒక చీటి వ్రాశారు. శాస్త్రోక్తనామము, లక్షణము, ఇంటికి వచ్చిన తీరు, పూజించినవారి పేర్లు అందులో ఉన్నవి. తెలియనిచోట ఊహించి నింపక ఖాళీ ఉంచారు. నాలుగు చీటీలలో మూడింట ఖాళీలు ఎక్కువ.

ఈ పనికి వెనుక మరొక ఆందోళన ఉన్నది. ఆయన తరువాత ఆ ఇంట నిత్యార్చన చేసేవారు లేరు. అటువంటి ఇండ్లలో కొందరు సాలగ్రామములను దేవాలయములలో అప్పగించారు. కొందరు నదిలో విడిచారు. దేవాలయంలో కుప్పగా చేరిన శిలలలో ఏది ఎవరి ఇంటిదో రెండేండ్లకే మరుగుపడుతుంది. దౌహిత్రుని అడుగగా అతడు నిజము చెప్పాడు. “నిత్యం అభిషేకం చేస్తానని మాట ఇవ్వలేను తాతగారూ. నా పనిలో వారాల తరబడి కొండల వెంట తిరగాలి. చేయలేనిదానికి ఒప్పుకొని పెట్టెలో మూసి ఉంచడం నాకు ఇష్టం లేదు.” ఆ మాటకు ఆయన నొచ్చుకొనలేదు. చేస్తానని చెప్పి చేయనివారిని ఆయన చాలమందిని చూశారు.

2022 కార్తికమున క్షీరాబ్ధిద్వాదశినాడు, తులసీపూజ అయిన పిదప, నిత్యానుష్ఠానపరుడైన ఒక శిష్యుని పిలిపించి నాలుగు సాలగ్రామములను దానమిచ్చారు. సాలగ్రామమును అమ్మరాదు, వెల కట్టరాదు, దానముగా ఇవ్వవచ్చును. పగిలినదానిని విడిచి మూడే ఇవ్వవచ్చును కదా అని ఒకరన్నారు. లెక్క చెడుతుందని ఆయన చెప్పారు. పెట్టెలో శిలలతోపాటు నాలుగు చీటీలు ఉంచి, అడుగున శిష్యుని పేరు, తిథి, సంవత్సరము తన చేతితో చేర్చారు. ఇకమీద ఎవరి చేతికి వెళ్లినా వారు తమ పేరు చేర్చవలెనని మాట తీసుకొన్నారు. ప్రతులు దౌహిత్రుని వద్ద ఉన్నవి.

తెలకపల్లి ఇంట ఇప్పుడు బూదవాడ పలక ఉన్నది. దౌహిత్రుడు దానిని తాతగారికి ఇచ్చి వెళ్లాడు. దానికి పూజ లేదు. విధి లేదు కనుక. పుస్తకముల బీరువాలో భాగవతపు ప్రతుల ప్రక్కన నిలిపి ఉంచారు. చూడవచ్చిన విద్యార్థులకు ఆయన పంచమస్కంధము తెరిచి నాభి అనే మాట వద్ద వ్రేలుంచి, తరువాత పలకను చేతికిస్తారు. మొదట పలకను వెనుకకు త్రిప్పి చీటి చదువమంటారు.